కొత్తగా గోల్ఫ్ ఆడేవారి స్వింగ్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది సమాధానాలన్నీ కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతి వాటం వాళ్లు కుడిని ఎడమగా, ఎడమను కుడిగా మార్చుకుని చదువుకోండి. కొత్తవాళ్ల సమస్యల్లో చాలావరకు బంతిని కొట్టే క్లబ్ కదలకముందే, అంటే పట్టులోనో నిలబడే తీరులోనో పుడతాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం బంతికి సాయం చేద్దామనే తొందర వల్ల వస్తాయి. అందుకే చాలా జవాబులు తిరిగి తిరిగి ఈ రెండు చోట్లకే చేరతాయి.

నేను కొట్టిన ప్రతి బంతీ కుడివైపుకి వంగిపోతోంది. ఎందుకు?

దీన్ని స్లైస్ అంటారు. కొత్తగా ఆడేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది ఇదే. కారణం అర్థం కావాలంటే బంతి తగిలే క్షణంలో రెండు సంగతులు చూడాలి: క్లబ్ ఫేస్ (బంతికి తగిలే చదునైన ముఖం) ఎటు చూస్తోంది, క్లబ్ హెడ్ (క్లబ్ చివరి బరువైన భాగం) ఏ దారిలో వెళ్తోంది. బంతి ఏ దిక్కుగా బయలుదేరుతుందో ఎక్కువగా ఫేస్ నిర్ణయిస్తుంది. గాలిలో ఎటు వంగుతుందన్నది మాత్రం ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమకు మూసుకుని ఉంటే ఎడమకు. పూర్వం దీన్ని తలకిందులుగా నేర్పేవారు. బంతిని రాడార్‌తో కొలిచే పరికరాలు వచ్చాక అసలు సంగతి స్పష్టమైంది.

కొత్తవాళ్లలో సాధారణంగా ఫేస్ తెరుచుకుని ఉంటుంది, పైగా క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే బంతికి అవతలి వైపు నుంచి మన ఒంటి వైపుకి కోసుకుంటూ వస్తుంది. ఇక్కడే ఒక విష వలయం మొదలవుతుంది. బంతి కుడికి పోతోందని తెలిశాక ఎవరైనా సహజంగా ఎడమకు గురిపెట్టి, ఎడమకు లాగి కొడతారు. దాంతో దారి ఇంకా ఎడమకు తిరుగుతుంది, ఫేస్‌తో తేడా పెరుగుతుంది, బంతి మునుపటికంటే ఎక్కువగా కుడికి వంగుతుంది. ఏళ్ల తరబడి స్లైస్ పోనివాళ్లలో చాలామంది ఈ వలయంలోనే తిరుగుతుంటారు. తప్పు వాళ్ల శరీరంలో లేదు. వాళ్లు చేసుకుంటున్న సవరణే అటుదిటుగా ఉంది.

మరి స్లైస్‌ని ఎక్కడి నుంచి సరిచేయాలి?

పట్టు నుంచి. దారి సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఫేస్ మూసుకోవడం నేర్చుకోవాలి. ఫేస్ తెరుచుకునే ఉన్నంతకాలం దారి మార్చమని ఎవరు చెప్పినా మీ శరీరం వినదు, ఎందుకంటే దారి సరైతే బంతి నేరుగా కుడికే పోతుంది.

ఎడమ చేత్తో క్లబ్‌ను అరచేతిలో కాకుండా వేళ్లలో పట్టుకోండి. గ్రిప్, అంటే క్లబ్ పిడి, చూపుడువేలి మధ్య కణుపు నుంచి చిటికెనవేలి మొదలు వరకు ఏటవాలుగా ఉండాలి. బంతి ముందు నిలబడి తల వంచి చూస్తే ఎడమ చేతి పిడికిలి కణుపులు రెండు, లేదా రెండున్నర కనిపించాలి. ఒకటే కనిపిస్తే పట్టు బలహీనంగా ఉన్నట్టు (వదులుగా అని కాదు, చేయి ఎడమకు తిరిగి ఉందని), స్లైస్‌కి అదే మూలం కావచ్చు. కుడి చేతిని ఎడమ బొటనవేలు అరచేతి కింద దాగేలా ఉంచండి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీతలు కుడి భుజం వైపు చూపించాలి.

వేళ్లు ఎలా కలపాలన్నది మీ ఇష్టం. కుడి చిటికెనవేలిని ఎడమ చేతి మీద ఆనించే ఓవర్‌ల్యాప్ పద్ధతికి హ్యారీ వార్డన్ ప్రాచుర్యం తెచ్చాడు. ఆ వేలిని ఎడమ చూపుడువేలితో మెలివేసే ఇంటర్‌లాక్ పద్ధతిలో జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ ఆడారు. చేతులు చిన్నవైనా, బలం తక్కువైనా పది వేళ్లూ గ్రిప్ మీదే పెట్టి ఆడొచ్చు. చేతులు ఏ కోణంలో కూర్చున్నాయన్నదే ముఖ్యం.

పట్టు మార్చాక ఇంకా ఘోరంగా ఆడుతున్నాను. పాత పట్టుకే వెళ్లిపోనా?

వద్దు. కొత్త పట్టు చేతికి పరాయిగా అనిపించడం మామూలే. కొన్నాళ్లపాటు బంతి ఎడమకు పోవడం కూడా మంచి కబురే. ఫేస్ మూసుకోవడం మొదలైంది, దారి మాత్రం ఇంకా పాతదే. బంతి ఎడమకు పోతోందని కళ్లకు కనబడితే గానీ శరీరం ఎడమకు లాగడం మానదు. ఆ దశలో పాత పట్టుకి వెనక్కి వెళ్లిపోవడం దగ్గరే ఎక్కువమంది ఓడిపోతున్నారు. టీవీ ముందు కూర్చున్నప్పుడు కూడా క్లబ్ చేతిలో ఉంచుకుని పట్టుకుంటూ, వదులుతూ ఉండండి. బంతి లేకుండా నేర్చుకోగలిగింది ఇంత సులువుగా ఇంకోటి లేదు.

పట్టు కుదిరింది. క్లబ్ మాత్రం ఇంకా బయటి నుంచే వస్తోంది. ఏం చేయాలి?

ముందు నిలబడే తీరు చూసుకోండి. స్లైస్ ఉన్నవాళ్లు పాదాలు లక్ష్యానికి సమాంతరంగా పెట్టినా భుజాలను ఎడమకు తెరిచి నిలబడతారు. బంతి మరీ ముందుకు, అంటే ఎడమ కాలి వైపు జరిగిపోతే భుజాలు తమంతట తామే తెరుచుకుంటాయి. క్లబ్‌ని రెండు భుజాల మీదుగా అడ్డంగా పట్టుకుని అది ఎటు చూపిస్తోందో చూడండి.

తర్వాత డౌన్‌స్వింగ్, అంటే క్లబ్ పై నుంచి బంతి మీదకు దిగడం, మొదలయ్యే తీరు. పైన క్లబ్ దిశ మారే క్షణంలో కుడి భుజం బంతి మీదకు దూకితే క్లబ్ బయటికి పడుతుంది. బరువు ఎడమ పాదం వైపు కదలడం, తుంటి తిరగడం ముందు మొదలవ్వాలి. భుజాలు ఆ వెనకే రావాలి. ఇది మాటల్లో వినగానే వచ్చేది కాదు కాబట్టి ఒక అడ్డంకి పెట్టుకోవడం మేలు. బంతికి అవతలి పక్క, అరచేయి వెడల్పు దూరంలో, కొంచెం వెనగ్గా క్లబ్ హెడ్ కవర్ లాంటి మెత్తటి వస్తువు పెట్టండి. దానికి తగలకుండా సగం వేగంతో కొట్టండి. క్లబ్ బయటి నుంచి వస్తే ఆ వస్తువే చెబుతుంది. వీడియోలో చూసి తెలుసుకునేదాకా ఆగక్కర్లేదు.

బంతి గాల్లోకి లేవదు, నేల మీద దొర్లిపోతోంది. తల ఎత్తేస్తున్నానా?

అందరూ చెప్పే కారణం అదే. నాకు మాత్రం అది చాలాసార్లు కారణంగా కాదు, ఫలితంగానే కనిపిస్తుంది. క్లబ్ అంచు బంతి నడుముకో, నెత్తికో తగిలితే దాన్ని టాప్ చేయడం అంటారు. దీని వెనక సాధారణంగా ఉండేది బంతిని పైకి లేపాలనే కోరిక. కొట్టేవారు బరువంతా కుడికాలి మీదే ఉంచి, వెనక్కి వాలి, మణికట్లతో కింద నుంచి ఎగదోయాలని చూస్తారు. మోకాళ్లు నిటారుగా అవుతాయి, చేతులు ఒంటి వైపుకి ముడుచుకుంటాయి, క్లబ్ నేలకు అందదు. ఒళ్లు లేచింది కాబట్టి తలా లేచింది.

బంతిని లేపే పని క్లబ్‌ది. ఐరన్లంటే పలకలాంటి లోహపు హెడ్ ఉన్న క్లబ్‌లు, వెడ్జ్‌లు వాటిలో ఎక్కువ వాలున్నవి. మామూలు 7 ఐరన్ ఫేస్ దాదాపు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, పిచింగ్ వెడ్జ్ 45 డిగ్రీల దాపుల్లో. ఆ వాలు బంతికి వెనక్కి తిరిగే స్పిన్ ఇచ్చి పైకి పంపుతుంది. మీరు చేయాల్సింది క్లబ్ ఇంకా కిందకు దిగుతుండగానే బంతిని తాకించడం. నేలమీది బంతిని ఐరన్‌తో సరిగ్గా కొడితే మొదట బంతి, ఆ తర్వాత నేల తగులుతాయి. లేచిన గడ్డి పెళ్ల, అంటే డివట్, బంతి ఉన్న చోటికి ముందు వైపు పడాలి.

బంతి పెట్టకుండా స్వింగ్ చేస్తూ ప్రతిసారీ క్లబ్ గడ్డిని తాకిన చప్పుడు వినండి. అది వరసగా వినబడ్డాకే బంతి పెట్టండి. బంతి కనబడగానే చప్పుడు ఆగిపోతే సమస్య స్వింగ్‌లో లేదని, బంతిని చూడగానే పుట్టే తాపత్రయంలో ఉందని తెలిసిపోతుంది.

బంతికంటే ముందే నేల తగులుతోంది. ఇది దానికి పూర్తిగా వేరే సమస్యా?

కాదు, రెండూ కవల పిల్లలు. స్వింగ్ ఒక వలయం అనుకుంటే దానికి అన్నిటికంటే కింద ఉండే చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటు బంతికి వెనక పడితే క్లబ్ మట్టిలో దిగుతుంది. దాన్ని ఫ్యాట్ షాట్ అంటారు. అదే చోటును తప్పించుకోవడానికి ఒళ్లు పైకి లేస్తే టాప్ అవుతుంది. ఒకే మనిషి ఒక బంతిని ఫ్యాట్‌గా కొట్టి, తర్వాతి బంతిని టాప్ చేయడం అందుకే.

బరువు కుడి పాదం మీద ఉండిపోవడం ఒక కారణం. మణికట్ల మడతను డౌన్‌స్వింగ్ మొదట్లోనే విప్పేయడం ఇంకొకటి. నేల మీద ఒక గీత గీసి, పాదాల మధ్యకు వచ్చేలా నిలబడి, బంతి లేకుండా స్వింగ్ చేయండి. డివట్ గీత మీద మొదలై లక్ష్యం వైపు సాగాలి. స్వింగ్ పూర్తయ్యాక కుడి పాదం మునివేళ్ల మీద నిలిచి, ఒంటి బరువంతా ఎడమ కాలి మీద ఉందో లేదో చూసుకోండి. కుడి పాదాన్ని గాల్లోకి ఎత్తినా పడిపోకూడదు.

తల కదలకుండా ఉంచాలంటారు. నిజమేనా?

సగమే నిజం. క్లబ్‌ను వెనక్కి పైకెత్తే బ్యాక్‌స్వింగ్‌లో తల ఒకటి రెండు అంగుళాలు కుడికి జరిగినా నష్టం లేదు. అది ఒక్కసారిగా పైకీ కిందకీ ఊగడం చెడ్డది. బలవంతంగా గడ్డాన్ని ఛాతీకి అదిమిపెడితే భుజం తిరగడానికి చోటు ఉండదు, బంతి తగిలాక సాగాల్సిన ఫాలోత్రూ మధ్యలో ఆగిపోతుంది, మెడ నొప్పి అదనం. బంతి తగిలే సమయానికే తల లక్ష్యం వైపు తిరిగిపోయే తీరుతో స్వీడన్ క్రీడాకారిణి ఆనికా సోరెన్‌స్టామ్ 2001లో ఒక రౌండును 59 స్ట్రోకులతో ముగించింది. డేవిడ్ డ్యువల్ కూడా అలాగే ఆడేవాడు. కాబట్టి పక్కన నిలబడ్డవాళ్లు ప్రతి చెడ్డ షాట్‌కీ "తల ఎత్తావు" అంటే మొహమాటానికి తలూపండి, నమ్మకండి.

బంతి ఉన్నట్టుండి అడ్డంగా కుడికి దూసుకుపోయింది. ఏమైంది?

అది షాంక్. బంతి ఫేస్‌కి కాకుండా హోజెల్‌కి, అంటే క్లబ్ హెడ్‌లోకి షాఫ్ట్ (క్లబ్ కర్ర) దిగే గుండ్రటి భాగానికి తగిలింది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ఫేస్ నడిమికి అది ఎంతో దూరంలో లేదు. బంతికి మరీ దగ్గరగా నిలబడటం, డౌన్‌స్వింగ్‌లో బరువు పాదాల మునివేళ్ల మీదకు వచ్చి ఒళ్లు బంతి వైపు తూలడం, చేతులు ఒంటికి దూరంగా పోవడం, ఇవి ముఖ్యమైన కారణాలు. భయపడి బంతికి దూరంగా జరిగితే ముందుకు తూలడం పెరిగి షాంక్ మళ్లీ రావచ్చు.

రెండు బంతులు పక్కపక్కనే, మధ్యలో కొద్ది ఖాళీతో పెట్టండి. క్లబ్‌ను బయటి బంతి వెనక ఉంచి, లోపలి బంతిని మాత్రమే కొట్టండి. మెల్లగా, సగం స్వింగ్‌తో. నాలుగైదు షాట్లకే ఒళ్లు వెనక్కి సర్దుకోవడం తెలుస్తుంది. ఒకసారి షాంక్ అయ్యాక టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోవడమే అసలు ప్రమాదం. పట్టు వదులు చేసుకుని ఒక నిమిషం ఆగి కొట్టండి.

ఐరన్లతో బాగానే కొడతాను, డ్రైవర్ తీస్తే అంతా చెడిపోతుంది. ఎందుకలా?

డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్, అడిగేది కొంచెం వేరు. ఐరన్‌తో కిందకు దిగుతూ కొట్టాలి. డ్రైవర్‌తో బంతి టీ (నేలలో గుచ్చే చిన్న మేకు) మీద ఉంటుంది కాబట్టి, క్లబ్ కింది చోటు దాటి పైకి లేవడం మొదలెట్టాక తగలాలి. అందుకే బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టి, పాదాలు భుజాలకంటే కాస్త ఎడంగా ఉంచి, వెన్నును కుడికి కొద్దిగా వాల్చి నిలబడాలి. క్లబ్‌ను నేల మీద ఆనిస్తే బంతిలో సగం దాని పై అంచుకి మీదుగా కనబడేంత ఎత్తులో టీ ఉండాలి. క్లబ్ నిటారుగా కిందకు దిగితే బంతి ఫేస్ పైభాగానికి తగిలి ఆకాశానికి పోతుంది, డ్రైవర్ నెత్తి మీద గీతలు మిగులుతాయి.

ఇంకో కారణం, డ్రైవర్ ఫేస్ వాలు చాలా తక్కువ, సాధారణంగా 9 నుంచి 12 డిగ్రీలు. వాలు తక్కువైతే వెనక్కి తిరిగే స్పిన్ తక్కువ. దాంతో ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న కొద్ది తేడా కూడా బంతిని బాగా పక్కకు వంచుతుంది. వెడ్జ్‌తో కనబడని స్లైస్ డ్రైవర్‌తో బయటపడేది ఇందుకే. షాఫ్ట్ కూడా 45 అంగుళాల దాకా ఉంటుంది, నడిమికి తగిలించడం కష్టం. మొదటి కొన్ని నెలలు టీ మీద నుంచి డ్రైవర్‌కంటే పొట్టిగా ఉండే హైబ్రిడ్‌తోనో, ఎక్కువ వాలున్న ఫెయిర్‌వే వుడ్‌తోనో కొట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది కూడా అదే.

ఎంత గట్టిగా కొట్టినా దూరం రావట్లేదు.

గట్టిగా కొట్టడమే అడ్డం పడుతుండవచ్చు. బంతి, క్లబ్ కలిసి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. ఆ క్షణంలో తోసి బలం చేర్చడం ఎవరికీ సాధ్యం కాదు. అప్పటికి క్లబ్ హెడ్ ఎంత వేగంతో ఉంది, బంతి ఫేస్ నడిమికి తగిలిందా అన్న రెండే లెక్కలోకి వస్తాయి. ముంజేతులు బిగిస్తే మణికట్లు ఆడవు, వేగం తగ్గుతుంది. నడిమికి తగలకపోతే ఉన్న వేగం కూడా బంతికి అందదు.

ఫేస్ మీద తుడిస్తే పోయే మార్కర్ పూసి పది బంతులు కొట్టండి. మచ్చలు ఎక్కడ పడ్డాయో చూస్తే దూరం ఎక్కడ పోతోందో తెలుస్తుంది. లయ సంగతి కూడా ఉంది. మంచి ఆటగాళ్లలో చాలామందికి బ్యాక్‌స్వింగ్‌కి పట్టే సమయం డౌన్‌స్వింగ్ సమయానికి దాదాపు మూడింతలు. కొత్తవాళ్లు క్లబ్‌ను పైకి లాక్కుని, పైన ఊపిరి తీసుకోకుండానే కిందకు విసిరేస్తారు. మీ బలంలో ముప్పావు వంతుతో కొట్టి చూడండి. బంతి అంతే దూరం వెళ్లడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

బ్యాక్‌స్వింగ్ ఎంత పైకి వెళ్లాలి?

ఎడమ మోచేయి మడతపడకుండా, పట్టు జారకుండా, మీ భుజాలు ఎంత తిరగగలిగితే అంతే. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్ బ్యాక్‌స్వింగ్ చాలా పొట్టి. దాంతోనే 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నీలు గెలిచాడు.

బంతి తగిలాక ఎడమ మోచేయి బయటికి వంగిపోతోంది. చేయి బిగించి పట్టుకోవాలా?

బిగించడం వల్ల మోచేతికి నొప్పి వస్తుంది తప్ప ఇది పోదు. ఛాతీ తిరగడం ఆగిపోయిందని, లేదా తెరిచిన ఫేస్‌ని చివరి క్షణంలో కాపాడుకుంటున్నారని అర్థం. పట్టు, ఫేస్ కుదిరాక సాధారణంగా తనంతట తగ్గుతుంది.

రేంజ్‌లో చక్కగా కొడతాను. కోర్స్‌లోకి వెళ్తే అది నా స్వింగ్ కాదేమో అనిపిస్తుంది.

రేంజ్, అంటే ప్రాక్టీసు మైదానం, కొన్ని తప్పులను దాచిపెడుతుంది. మ్యాట్ మీద క్లబ్ బంతికి వెనక తగిలినా జారుకుంటూ వెళ్లి బంతిని కొడుతుంది. అదే షాట్ గడ్డి మీద ఫ్యాట్ అవుతుంది. పైగా అక్కడ ఒకే క్లబ్‌తో, ఒకే దిక్కుకి, వరసగా కొడతాం. మ్యాట్ అంచులే గురి చూపిస్తాయి. కోర్స్‌లో అవేవీ ఉండవు, నేల సమంగా ఉండదు. బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే ఎడమకు, పల్లంలో ఉంటే కుడికి పోయే వీలు ఎక్కువ. అది స్వింగ్ తప్పు కాదు, దానికి తగ్గట్టు గురి మార్చుకోవాలి. రేంజ్‌లో చివరి పావుగంట ప్రతి షాట్‌కీ క్లబ్, లక్ష్యం మార్చి, ప్రతిసారీ వెనక్కి వచ్చి కొత్తగా నిలబడి కొట్టండి.

అసలు బంతికి తగలనే లేదు. అదీ లెక్కేనా?

కొట్టాలనే ఉద్దేశంతో ఊపితే స్ట్రోక్ కిందే లెక్క. ప్రాక్టీసు స్వింగ్ అయితే లెక్క లేదు. మొదటి షాట్‌లో బంతి టీ మీదే ఉండిపోతే దాన్ని అక్కడి నుంచే కొట్టొచ్చు, టీ ఎత్తు మార్చుకున్నా పెనాల్టీ ఉండదు.

నా స్వింగ్ చూడ్డానికి వింతగా ఉంది. మొత్తం మార్చేయాలా?

బంతి ఎటు పోతోందో చూసి నిర్ణయించుకోండి, అద్దంలో చూసి కాదు. అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్ పైన ఒక మెలిక తిరిగి కిందకు వస్తుంది, ఏ పాఠంలోనూ అలా నేర్పరు. అయినా 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్‌లో (అమెరికా వృత్తి ఆటగాళ్ల పోటీల వరస) ఒక రౌండును 58 స్ట్రోకులతో ముగించాడు. బంతి తగిలే క్షణంలో అతని ఫేస్ ఉండాల్సిన చోట ఉంటుంది. కొత్తవాళ్లు ఎవరి స్వింగ్‌నో ముక్కలు ముక్కలుగా అనుకరించడం చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ల నడుము, వాళ్ల వయసు ఆ స్వింగ్‌కి ఒప్పుకోవు.

ఆడాక నొప్పులు వస్తున్నాయి. మామూలేనా?

మొదట్లో కండరాల బడలిక మామూలే. నడుము కింద, మోచేతి పక్కన, మణికట్టులో, పక్కటెముకల్లో గుచ్చుతున్నట్టు నొప్పి ఉంటే ఆట ఆపి డాక్టరుకి చూపించండి. గట్టి మ్యాట్‌ల మీద వందల బంతులు కొట్టడం, క్లబ్‌ను బిగించి పట్టుకోవడం మోచేతుల మీద భారం వేస్తాయి. ఎడమ అరచేతి మడమ దగ్గర బొబ్బలు వస్తుంటే క్లబ్ వేళ్లలో కాక అరచేతిలో ఉందని గుర్తు.

ఎప్పుడు కోచ్ దగ్గరకు వెళ్లాలి?

వీలైతే మొదటి నెలలోనే. తప్పుడు పట్టు అలవాటైపోయాక మార్చడం కంటే సరైన పట్టుతో మొదలుపెట్టడం ఎంతో సులువు. వెళ్లేముందు రెండు వీడియోలు తీసుకోండి: ఒకటి మీకు ఎదురుగా ఛాతీ ఎత్తులో, ఇంకొకటి మీ కుడి పక్క నుంచి, చేతుల ఎత్తులో, లక్ష్యం వైపు చూస్తూ. ఫోన్ వంకరగా ఉంటే మంచి స్వింగ్ కూడా తప్పుగా కనబడుతుంది. "నా స్వింగ్ బాలేదు" అని చెప్పకండి. బంతి ఎటు బయలుదేరి ఎటు వంగుతోంది, ఫేస్ మీద ఎక్కడ తగులుతోంది, డివట్ బంతికి ముందా వెనకా, ఇవి చెప్పండి. పాఠానికి ఒక్క మార్పు చాలని అడగండి. అది కుదిరేదాకా రెండో సలహా ఎవరు ఇచ్చినా పక్కన పెట్టండి.